ఎలుక మనిషి కాదు, సరే, ఆ తర్వాత?

"ఎలుకెక్కడ, మనిషెక్కడండీ?" ఎక్స్‌రేల వల్ల ఒంటికి ఏమవుతుందన్న మాట వచ్చినప్పుడల్లా మన ప్రాంతంలో వినబడే సమాధానం ఇది. ఏలూరు ఆర్.ఆర్.పేట ఆసుపత్రుల వరండాల్లోనూ ఇదే, తాడేపల్లిగూడెం మందుల షాపుల ముందూ ఇదే. అనేవాళ్లు చదువు రానివాళ్లు కారు. సైన్సు డిగ్రీలు ఉన్నవాళ్లు, పిల్లలకు జీవశాస్త్రం చెప్పేవాళ్లు కూడా, ప్రయోగశాలలో చిట్టెలుకలకు ఎక్స్‌రే పెట్టి చేసిన పరిశోధన అనగానే చెయ్యి విదిలించేస్తారు. ఎలుకల్ని చంపి కాగితాలు నింపుకోవడమే తప్ప మనిషికి అందులో తెలిసేదేమీ లేదని వాళ్ల తీర్పు.

ఈ తీర్పు తప్పు. మొహమాటానికి మెత్తగా చెప్పి ఊరుకునే తప్పు కూడా కాదు. ఈ ఒక్క మాటను పట్టుకుని రెండు రకాల మనుషులు రెండు రకాలుగా నష్టపోతున్నారు. ఒకాయన నెలరోజులుగా దగ్గు తగ్గకపోయినా ఛాతీ ఎక్స్‌రే వద్దంటాడు, ఆ కిరణాలు పడితే కేన్సరొస్తుందని. ఇంకొకాయన తలనొప్పి వచ్చిందంటే చాలు, సీటీ స్కాన్ రాయమని డాక్టరుగారి మీదే ఒత్తిడి పెడతాడు, ఫొటోయే కదా ఏమవుద్దని. ఛాతీ ఎక్స్‌రేలో ఒంటికి తగిలేది మామూలుగా 0.1 మిల్లీసీవర్టుకు మించదు. కడుపు సీటీలో అది 10 దరిదాపుల్లో ఉంటుంది. మట్టి నుంచీ గాలి నుంచీ ఆకాశం నుంచీ తిండి నుంచీ ఏడాది పొడవునా మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో చెప్పగలుగుతున్నామంటే హిరోషిమా, నాగసాకి బాధితుల ఋణం ఒకటుంది, ప్రయోగశాల ఎలుకల ఋణం ఒకటుంది. రెండోదాన్ని ఎగ్గొట్టి మొదటిదానితోనే లెక్క సరిపెట్టలేం.

ముందు మన పొలంలోకే రండి. కొల్లేటి చుట్టుపక్కల వరి వేసే రైతుకు ఎలుక సంగతి కొత్తగా చెప్పేదేముంది? నూకల్లో కాస్త నూనె, బ్రోమాడయోలోన్ మందు కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో పెడతాం. మిగిలిన మందును పిల్లలకు అందకుండా అటక మీద దాస్తాం. ఎందుకు దాస్తాం? ఎలుకను చంపేది మనిషినీ చంపుతుందని తెలుసు గనుక. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె తిరిగి వాడుకలోకి రాకుండా ఆ మందు అడ్డుపడుతుంది. ఆ పని ఎలుక ఒంట్లో ఎలా జరుగుతుందో మన ఒంట్లోనూ అలాగే జరుగుతుంది. ఇదే కుటుంబానికి చెందిన వార్ఫారిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది, 1954 నుంచి మనుషులకు వైద్యంలో వాడుతున్నారు. గుండెలో లోహపు కవాటం వేయించుకున్నవాళ్లు ఈ రోజుకీ దాన్నో, దాని చుట్టాన్నో మింగుతూ, నెత్తురు ఎంత పలచబడిందో పరీక్ష చేయించుకుంటూ బతుకుతున్నారు. ఎలుకకు విషమైన మోతాదు వేరు, మనిషికి మందైన మోతాదు వేరు. లోపల జరిగే పని మాత్రం ఒకటే. "ఎలుకెక్కడ, మనిషెక్కడ" అనేవాళ్లు అటక మీదున్న డబ్బాను ఒకసారి తలుచుకుంటే చాలు.

ఎక్స్‌రే ప్రయోగం అంటే ఏదో మిషను కింద ఎలుకను పడేసి చస్తుందో లేదో చూడడం అనుకుంటారు. అసలు పని అలా ఉండదు. ఒకే వంశానికి చెందిన, ఒకే వయసున్న, ఒకే తిండి తిన్న చిట్టెలుకల్ని తీసుకుంటారు. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో ఒక్కోదాన్ని ఉంచి, ఎక్స్‌రే గొట్టం కింద కొలిచిన దూరంలో, కొలిచిన సేపు పెడతారు. ఇంకో గుంపును అదే డబ్బాలో, అదే గదిలో, అంతసేపూ ఉంచుతారు. మిషను మాత్రం ఆపేసి ఉంటుంది. డబ్బాలో ఇరుక్కున్న బెదురు వల్ల వచ్చిన మార్పేదో, కిరణం వల్ల వచ్చిన మార్పేదో విడదీసేది ఈ రెండో గుంపే. మర్నాడు తొడ ఎముక రెండు కొసలూ కత్తిరించి, సిరంజితో లోపలి మూలుగను కడిగి తీసి, గాజు పలక మీద పలచగా పరిచి, గీమ్సా రంగు వేస్తారు. సూక్ష్మదర్శినిలో ముదిరిన ఎర్రకణాలు గులాబీ రంగులో, లేతవి నీలివన్నెలో కనబడతాయి. ఎర్రకణం ముదిరేటప్పుడు తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది కాబట్టి లోపలంతా ఖాళీగా ఉండాలి. కిరణం దెబ్బకు క్రోమోజోము విరిగి ఉంటే, ఆ విరిగిన తునక మాత్రం వెనక చిక్కుబడిపోయి గుండ్రటి నల్లచుక్కలా కనబడుతుంది. ఆ చుక్కలున్న లేతకణాలను వేల కణాల్లో వెతికి లెక్కపెట్టాలి. ఏ పలక ఏ గుంపుదో లెక్కపెట్టేవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది. మోతాదు పెంచినకొద్దీ చుక్కలు ఎలా పెరుగుతున్నాయన్నది ఇలా తేలుతుంది. బతికున్న మనిషి తొడ ఎముకను ఇందుకోసం కత్తిరించలేం కదా.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. ఎలుకకూ మనిషికీ తేడాలున్నాయి. ఉన్నాయని ఒప్పుకోవడం కాదు, ఆ తేడాలను కనిపెట్టి రాసిపెట్టింది ఎలుకల మీద పనిచేసినవాళ్లే. 1949లో చికాగోలో లియాన్ జాకబ్సన్ చేసిన ప్రయోగం చూడండి. ఒళ్లంతా ఎక్స్‌రే పడితే తప్పక చచ్చిపోయే మోతాదు. ఆ మోతాదు ఇచ్చేటప్పుడు ఎలుకల ప్లీహానికి మాత్రం సీసం రేకు అడ్డుపెట్టాడు. చావవలసిన ఎలుకల్లో ఎక్కువభాగం బతికాయి. మనవాళ్ల లెక్కన ఈ ప్రయోగం మనిషికి బొత్తిగా పనికిరానిది. ఎందుకంటే పెద్దయిన ఎలుకలో ప్లీహం నెత్తురు తయారుచేస్తూనే ఉంటుంది, పెద్దయిన మనిషిలో చెయ్యదు. మనిషి ప్లీహానికి సీసం కట్టినా అలా బతకడు. ఇంతకంటే పెద్ద తేడా ఏముంటుంది?

మరి ఆ తేడా దగ్గర ఆగిపోయారా? లేదు. ఎలుకను బతికించింది ప్లీహమా, ప్లీహంలో ఉన్న కణాలా అని అడిగారు. రెండేళ్లు తిరక్కుండా, కిరణం పడ్డ ఎలుకకు వేరే ఎలుక మూలుగను ఎక్కిస్తే బతుకుతోందని లోరెంజ్ బృందం చూపింది. ఎక్కించిన ఆ కణాలే కొత్త ఒంట్లో కాపురం పెట్టి నెత్తురు పుట్టిస్తున్నాయని 1956కల్లా క్రోమోజోము గుర్తుల ద్వారా రూఢి అయింది. 1961లో టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ ఇద్దరూ ఎలుకలకు కిరణం ఇచ్చి, మూలుగ ఎక్కించి, పదిరోజులు పోయాక ప్లీహాన్ని తీసి చూస్తే దాని మీద బొడిపెలు కనిపించాయి. ఎన్ని కణాలు ఎక్కిస్తే ఆ నిష్పత్తిలో అన్ని బొడిపెలు. ఒక్కో బొడిపె ఒక్కో కణం పెట్టిన సంతానం. నెత్తురుకు మూలకణాలున్నాయన్న సంగతి ప్రపంచానికి లెక్కతో సహా తెలిసింది అక్కడే. మనుషులకు మూలుగ మార్పిడిని నిలబెట్టినందుకు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. తలసేమియా ఉన్న పిల్లను నెలనెలా నెత్తురెక్కించడానికి బస్సెక్కించి తీసుకెళ్లే అమ్మానాన్నలు మన ప్రాంతంలోనూ ఉన్నారు. వాళ్లకు డాక్టరుగారు "తోబుట్టువు మూలుగ కలిస్తే మార్పిడి చెయ్యొచ్చమ్మా" అంటే, ఆ మాటకు బలం చికాగోలో సీసం రేకు కప్పుకున్న ఎలుక దగ్గర మొదలైంది. ఎలుక ప్లీహం మనిషి ప్లీహం కాకపోవడం ఈ దారికి ఎక్కడా అడ్డు రాలేదు. ఎలుక దగ్గరనుంచి మనిషి దగ్గరికి అంకె రానక్కర్లేదు. ఏది దెబ్బతింటే ఏది ఆగిపోతుందో, ఏది తిరిగి పెడితే ఏది నిలబడుతుందో, ఆ సంబంధం వస్తే చాలు.

స్కానింగ్ సెంటర్లలో అందరూ చూసే బోర్డు ఒకటుంది: గర్భవతులు ముందుగా సిబ్బందికి చెప్పాలని. ఆ బోర్డు ఎవరి పుణ్యం? అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో లియేన్ రసెల్ అనే శాస్త్రవేత్త చూలు ఎలుకలకు గర్భంలోని వేర్వేరు రోజుల్లో ఎక్స్‌రే ఇచ్చి, పుట్టిన పిల్లల్లో ఏ అవయవం ఎలా చెడిందో వరసగా రాసింది. పిండం గర్భసంచి గోడకు అంటుకోకముందు దెబ్బ తగిలితే పిండం పోవడమో, లేక మామూలుగా పుట్టడమో జరిగేది. అవయవాలు ఏర్పడే రోజుల్లో తగిలితే అవకరాలు. ఒక్క రోజు అటూ ఇటూ అయితే చెడే అవయవమే మారిపోయేది. దీన్ని పట్టుకుని 1952లో ఆమె, భర్త విలియం రసెల్ డాక్టర్లకు ఒక సలహా ఇచ్చారు: పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు పొత్తికడుపు ఎక్స్‌రేలు అత్యవసరం కానప్పుడు, నెలసరి మొదలైన రెండు వారాల లోపలే తీయండి అని. అప్పటి ఎక్స్‌రే వైద్యుల్లో చాలామంది విసుక్కున్నారు. వాళ్లు అన్నదీ ఇదే, ఎలుకకు జరిగింది మనిషికి చెప్తారేమిటని. తర్వాత అంతర్జాతీయ నియమాల్లోకి ఆ సలహా ఎక్కింది. తక్కువ మోతాదు పరీక్షలకు దాన్ని కాలక్రమంలో కొంత సడలించారు కూడా. తన కూతురు మూడో నెలలో ఉందని కౌంటరు దగ్గర చెప్పి ఎక్స్‌రే బదులు అల్ట్రాసౌండ్ తీయించిన తల్లి, ఇంటికెళ్లి "ఎలుకల ప్రయోగాలు దండగ" అంటే నేనొప్పుకోను.

తరాల మాట కూడా చూద్దాం. ఎక్స్‌రేలు జన్యువుల్ని మారుస్తాయని హెర్మన్ ముల్లర్ 1927లో పండ్ల ఈగల్లో చూపాడు. ఈగ చాలదని విలియం రసెల్ చిట్టెలుకల్ని ఎంచుకుని, బొచ్చు రంగు, చెవి తీరు లాంటి ఏడు గుర్తుల మీద లక్షల ఎలుకపిల్లల్ని పరీక్షించాడు. 1951లో తేలిందేమంటే, ఈగతో పోలిస్తే ఎలుకలో మార్పులు దాదాపు పదిహేను రెట్లు ఎక్కువ. 1958లో తేలింది ఇంకోవైపు: అదే మోతాదును ఒక్కసారిగా కాక వారాల తరబడి కొంచెం కొంచెంగా ఇస్తే మార్పులు మూడోవంతుకు పడిపోతున్నాయి. అంటే కణం తనను తాను బాగుచేసుకుంటోంది. భయపడమన్నదీ ఎలుకే, భయం తగ్గించమన్నదీ ఎలుకే. హిరోషిమా, నాగసాకి బాధితులకు పుట్టిన డెబ్బై వేలకు పైగా పిల్లల్ని పరిశీలించినా వంశపారంపర్యమైన హాని లెక్కకు దొరికేటంత కనబడలేదు. అయినా మనిషి ముప్పును అంచనా కట్టాలంటే ఏదో ఒక అంకె కావాలి. ఐక్యరాజ్యసమితి శాస్త్రసంఘం 2001లో ఆ అంచనా కట్టినప్పుడు, సహజంగా జరిగే మార్పుల లెక్క మనిషి నుంచి, కిరణం వల్ల జరిగే మార్పుల లెక్క ఎలుక నుంచి తీసుకుంది. ఆడ ఎలుకలో ముదరని అండాలు మరీ కొద్ది కిరణానికే చచ్చిపోతాయి, మనిషిలో అలా కాదు, అందుకని ఆ లెక్కను మనిషికి వాడకూడదని హెచ్చరించిందీ ఎలుకల శాస్త్రవేత్తలే. ఎక్కడ పోలిక చెల్లదో అంత కచ్చితంగా చెప్పగలిగినవాళ్ల మాటను, చెల్లే చోట నమ్మకపోవడం ఏం న్యాయం?

ఇదంతా అమెరికా సంగతి అనుకోకండి. ఇదే వాదం హైదరాబాదులో, మన తెలుగు ప్రయోగశాలల్లో, నడిబజారుకెక్కి నడిచింది. పురుగు పట్టకుండా గోధుమలకు గామా కిరణాలు పట్టించే పద్ధతి అప్పట్లో కొత్త. గామా అంటే ఎక్స్‌రేకు తోబుట్టువే. జాతీయ పోషకాహార సంస్థవాళ్లు, పోషణ లేక చిక్కిపోయిన పిల్లల్ని అయిదుగురేసి గుంపులు చేసి, కిరణం పట్టించిన గోధుమల్ని పెట్టి చూశారు. తాజాగా కిరణం పట్టించినవి తిన్న గుంపు నెత్తురులో క్రోమోజోములు రెట్టింపైన కణాలు పెరిగాయని 1975లో ప్రకటించారు. అదే సంస్థకు చెందిన విజయలక్ష్మి ఎలుకల్లోనూ, చిట్టెలుకల్లోనూ అలాంటి ఫలితాలే వచ్చాయని రాశారు. దేశమంతా కలకలం రేగింది. ప్రభుత్వం సుఖాత్మే, కేశవన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల్ని పరిశీలించమంది. ఆ లెక్కలు అంత పెద్ద మాటకు ఆధారం కావని వాళ్లు 1976లో చెప్పారు. అదే ఊళ్లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఓ.ఎస్.రెడ్డి బృందం చిట్టెలుకలకు అలాంటి గోధుమలే పెట్టి చూసి, జన్యువుల్లో గాని క్రోమోజోముల్లో గాని తేడా కనబడలేదని 1977లో ప్రకటించింది.

చూశారా, ఒకే ఊరు, ఒకే రకం తిండి, ఒకే జంతువు, రెండు జవాబులు! మనవాళ్లు దీన్ని చూపించి "ఎలుకల్ని నమ్మలేం" అంటారు. నాకు కనబడేది వేరు. అయిదుగురు పిల్లల నెత్తురు మీద తేలని తగువును, మళ్లీ మళ్లీ చెయ్యగలిగిన ప్రయోగం తేల్చింది. ఆకలితో ఉన్న పసిపిల్లలకు ఆ గోధుమల్ని మళ్లీ పెట్టి చూడమని అడగడానికి ఎవరికీ నోరు రాకూడదు. ఎలుకల్లో అయితే ఇంకో ప్రయోగశాల అదే పనిని చేసి సరిచూడగలదు. ప్రపంచమంతటి నుంచీ వచ్చిన జంతు ప్రయోగాల్ని ముందు పెట్టుకుని, 10 కిలోగ్రేల దాకా కిరణం పట్టించిన ఆహారం వల్ల విషప్రమాదం లేదని 1980లో అంతర్జాతీయ నిపుణుల సంఘం తేల్చింది. మనదేశంలో ఉల్లికీ బంగాళాదుంపకూ 1994లో అనుమతి వచ్చింది. మొలకెత్తకుండా ఉల్లికి పట్టించేది ఆ 10 కిలోగ్రేలలో నూరో వంతు దరిదాపుల్లో ఉంటుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో సరుకు మొలకలెత్తి, కుళ్లి పోగులు పోగులుగా పారబోసే సంవత్సరాలు చూశాం. కిరణం పట్టిన ఉల్లి తింటే మనమే కిరణాలు కక్కుతామని భయపెట్టే మాటలూ విన్నాం. గడ్డకట్టించిన రొయ్యకూ ఈ పద్ధతికి అనుమతి ఉంది, కొల్లేటి చెరువుల రైతుకు రేపో మాపో ఇది తన బేరం సంగతి అవుతుంది. అప్పుడు భయాన్ని ఎదుర్కోవడానికి చేతిలో ఉండేది ఆ ఉస్మానియా చిట్టెలుకల లెక్కా, దాని తోటివీను.

ఎలుకలు వద్దు, మనుషుల్లోనే గమనించి తెలుసుకుందాం అనేవాళ్లకు ఏలూరును గుర్తుచేస్తాను. 2020 డిసెంబరు మొదటివారంలో వన్‌టౌన్ ప్రాంతంలో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి, నోట నురగతో పడిపోయారు. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్, పోషకాహార సంస్థ, నీరీ, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థలవాళ్లు అందరూ వచ్చారు. నెత్తురులో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు. అంతమంది ఒంట్లోకి అది ఏ దారిన, ఎంత వెళ్లిందో మాత్రం తేలలేదు. తేలనందుకు వచ్చినవాళ్లను తప్పుపట్టను. ఎవరు ఎప్పుడు ఎంత తిన్నారో, ఏ నీళ్లు తాగారో తెలియదు. అదే వీధిలో అదే కూర తిని పడిపోనివాళ్లెవరో తెలియదు. నమూనా తీసేసరికి సగం కరిగిపోయింది. మనుషుల్లోనే గమనించడం అంటే ఇదీ. మోతాదు తెలిసిన గుంపు ఒకటి, మోతాదు లేని గుంపు ఒకటి పక్కపక్కన ఉంటే తప్ప కారణం చేతికి చిక్కదు. ఆ రెండు గుంపుల్నీ మన పిల్లలతో కట్టలేం.

ఇక మిగిలింది దయ. ఈ అభ్యంతరం ఒక్కదానికే నేను తలవంచుతాను. ఎలుకకూ నొప్పి ఉంది, బెదురుంది. కణాల సాగుతో, కంప్యూటరు లెక్కలతో జరిగే పనికి ఎలుకను తేకూడదు. కొత్త మందుల పరీక్షలో అలాంటి ప్రత్యామ్నాయాలకు మన నిబంధనలు 2023లో చోటిచ్చాయి కూడా, మంచిదే. కాని గాజుపళ్లెంలోని కణాలకు ప్లీహం లేదు, గర్భం లేదు, పిల్లలు లేరు. ఒళ్లంతా కిరణం పడితే పేగు, మూలుగ, పిండం కలిసి ఎలా స్పందిస్తాయో ఇప్పటికీ ఒంటిలోనే చూడాలి. అందుకే నేను పట్టుబట్టేది వేరే చోట. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ప్రతి సంస్థలోనూ నీతి సంఘం అనుమతి ఉండాలి, అది సంతకాల తంతు కాకూడదు. మోతాదు కొలవకుండా, మిషను ఆపిన గుంపు లేకుండా, మూడునాలుగు ఎలుకలతో డిగ్రీ కోసం చేసే ప్రయోగం ఎలుకకూ ద్రోహం, చదివేవాడికీ ద్రోహం. అలాంటివి ఆపమని అడిగే కాగితం తెస్తే మొదటి సంతకం నాది. ఎలుక మనిషి కాదు గనుక ఆపమని రాసిన కాగితం మీద మాత్రం పెట్టను.